లాగి పట్టిన దారం

ఆఫీసులో అందరూ ఆయన్ని కొలతలాయన అనేవారు. ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో ఆయన కొలవని కాలిబాట లేదు, ఎక్కని గట్టు లేదు. మాట పొదుపు మనిషి. అడిగినదానికి ఔననో కాదనో అంటాడు, అదీ కుదరకపోతే తల ఊపి ఊరుకుంటాడు. "ఆయన నోరు తెరవాలన్నా పైనుంచి ఆర్డరు రావాలి" అని ప్యూను నవ్వేవాడు. పదవీ విరమణకి ఇంకా ఐదు నెలలుంది. ఆ ఐదు నెలలూ ఎవరి కంటా పడకుండా గోడవారగా నడిచి బయటపడితే చాలనుకుంటున్నాడు.

అలాంటి మనిషి బల్ల మీదికి ఒక సోమవారం పొద్దున్నే పై పేట ఫైలు వచ్చిపడింది.

తెచ్చింది కొత్తగా వచ్చిన మేడమ్. ఆయన కూతురి వయసుంటుంది. ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది. వెనకబడిన ఊళ్ళ పథకం ఆమె చేతిలో ఉంది. దానికి ఎక్కడెక్కడి దేశాలో సాయం చేస్తున్నాయి. వాళ్ళు అడిగినదల్లా ఒక్కటే: కొండ మీద ఆ పేటలో ఉన్నవే నలభై గడపలు కదా, అందులోంచి ఏడుగురు వెళ్ళి అడవిలో తుపాకులవాళ్ళతో ఎందుకు కలిశారు? చుట్టుపక్కల పది ఊళ్ళ నుంచి ఒక్కడూ ఎందుకు వెళ్ళలేదు?

"బడి లేకపోబట్టే అంటున్నారు బాబాయ్" అంది మేడమ్. "మన రికార్డులో చూస్తే కిలోమీటరు లోపే బడి ఉంది. ఏది నిజమో తెలియడంలేదు. మీరొకసారి వెళ్ళి కొలిచి రండి."

ఆయన తల ఊపాడు. ఆమె వెళ్ళాక ఫైలు విప్పాడు. నాలుగో కాగితం మీద 'కింది ఊరి బడికి దూరం తొమ్మిది వందల మీటర్లు' అని ఉంది. కింద సంతకం ఆయనదే. పదిహేడేళ్ళ కిందటిది. తేలు కుట్టిన దొంగలా కాసేపు అలాగే కూర్చుని, ఫైలుకి తాడు కట్టేశాడు.

ఆ రోజుల్లో దూరం కొలవడానికి రెండు పద్ధతులుండేవి. గొలుసు పట్టుకుని దారి పొడవునా నడవడం ఒకటి. నడవలేని చోట మ్యాపు మీద దారం పరిచి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి లెక్క కట్టడం రెండోది. ఆయనకి పని నేర్పిన పెద్ద సర్వేయరు దారం చేతికిచ్చిన మొదటి రోజే చెప్పాడు. "దారాన్ని ఎప్పుడూ లాగకురా. దారి ఎక్కడ వంగితే అక్కడ వంగనియ్యి. లాగావంటే అది పిట్ట వెళ్ళే దూరం చెబుతుంది. మనం కొలిచేది మనుషులకి."

పదిహేడేళ్ళ కిందట మూడు రోజుల్లో పదకొండు పేటలు కొలవమన్నారు. కిలోమీటరు లోపు బడి ఉంటే కొత్త బడి ఇవ్వరు, అంతకు మించితే ఇస్తారు. అదీ రూలు. పది పేటలూ గొలుసుతో నడిచే కొలిచాడు. పదకొండోది పై పేట. ఆ వారమే కొన్న బూట్లు మడమ దగ్గర కరిచి, తోలు లేచిపోయి, మేజోడు రక్తంతో అంటుకుపోయింది. కింది ఊళ్ళో కల్వర్టు గట్టు మీద కూర్చుని బూటు విప్పాడు. దారినపోయే ముసలాయన్ని పై పేట ఎంత దూరమని అడిగాడు. "అదిగో, కనపడుతోందిగా. ఇక్కడ కేకేస్తే అక్కడ పలుకుతారు" అన్నాడాయన.

ముసలాయన అబద్ధం చెప్పలేదు. మధ్యలో ఒక లోయ, దాని అడుగున వాగు. కేక దాటుతుంది, పిట్ట దాటుతుంది. మనిషి మాత్రం కొండ చుట్టూ తిరిగి పోవాలి. ఆ సంగతి ఆయనకి తెలుసు. మ్యాపు చూసిన ఎవరికైనా తెలుస్తుంది. అయినా మ్యాపు ఒళ్ళో పరిచి, దారం ఒక కొస బడి మీద, రెండో కొస పేట మీద పెట్టి, మధ్యలో సడలకుండా లాగి పట్టాడు. తొమ్మిది వందల మీటర్లు వచ్చింది. ఫారం నింపి, కుంటుకుంటూ వెళ్ళి మూడు గంటల బస్సెక్కాడు.

కాలు మానాక మళ్ళీ వచ్చి సరిచేద్దామనుకున్న మాట నిజమే. వారం గడిచింది, నెల గడిచింది. ఆ తర్వాత సరిచేస్తే, ముందెందుకు తప్పు రాశావని అడుగుతారు. ఊరుకున్నాడు. పై పేటవాళ్ళు బడి కావాలని మూడుసార్లు అర్జీ పెట్టుకున్నారు. మూడుసార్లూ రికార్డు ప్రకారం కుదరదని జవాబు వెళ్ళింది. అందులో రెండుసార్లు ఆ జవాబు కాగితం ఆయన చేతుల మీదుగానే పోయింది. 'సరిచూశాను' అనే చోట పొట్టి సంతకం కూడా పెట్టాడు.

నాలుగేళ్ళ కిందట కొండ కింద వేస్తున్న రోడ్డు మీద కల్వర్టు కింద బాంబు పేలి ఇద్దరు కూలీలు చనిపోయారు. మర్నాడు చెట్టుకి ఒక కాగితం అంటించి ఉంది. పోలీసులు దాన్ని ఆఫీసుకి తెచ్చి చూపించారు. ఈ పని మేమే చేశామని ఎర్ర సిరాతో రాసుంది. అందరూ అందులో ఏముందో చదివారు. ఆయన మాత్రం అక్షరాలు చూశాడు. ముత్యాల్లా గుండ్రంగా ఉన్నాయి. వీడికి చదువు ఎవరు చెప్పారో అనుకున్నాడు. అది పై పేట కుర్రాడి చేతిరాత అని చాలా రోజుల తర్వాత తెలిసింది.

గురువారం పొద్దున్నే ఆయన కొలత చక్రం తీసుకుని కింది ఊరి బడి దగ్గర దిగాడు. గొలుసులు పోయి ఇప్పుడు చక్రాలొచ్చాయి. కర్ర పట్టుకుని తోసుకుంటూ పోతే ఎంత నడిచామో దానంతటదే చూపిస్తుంది. బడి గేటు దగ్గర సున్నా పెట్టుకుంటుంటే, ముందురోజు చీపుళ్ళు అమ్ముకుని ఖాళీ తట్టతో వెళ్తున్న ఒకామె ఆగింది. నలభై ఐదేళ్ళుంటాయి. ఆమెది పై పేటే. చీపుళ్ళక్క అంటారు. ఎక్కడికన్నా అని అడిగి, పైకే అనేసరికి తోడు నడిచింది.

ఆమెకి మాటలు ఎక్కువ, ఆయనకి తక్కువ. అలా సరిపోయింది. చక్రం రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతుంటే, దానికి కూడా ఆయాసమొస్తున్నట్టుంది, కాసేపు ఎత్తుకో అన్నా అంది. ఎత్తుకుంటే తిరగదు, తిరగకపోతే లెక్కరాదు అన్నాడాయన. అంతకంటే పెద్ద మాట ఆ గంటలో ఆయన అనలేదు. దారి లోయ అంచు పట్టుకుని పడమటికి తిరిగి, రెండు గుట్టలెక్కి, వాగు పైకొస దగ్గర రాళ్ళ మీదుగా దాటి, మళ్ళీ తూర్పుకి వచ్చింది. రెండు చోట్ల చేతులు కూడా నేలకి ఆనించి ఎక్కాలి. ఆరేళ్ళ పిల్ల పుస్తకాల సంచి వేసుకుని ఇక్కడెలా ఎక్కుతుందోనన్న ఆలోచన ఆయనకి తట్టింది. తట్టాక వదల్లేదు.

సగం దారిలో నీడపట్టున కూర్చున్నారు. చీపుళ్ళక్క తన కొడుకు సంగతెత్తింది. ఏడుగురిలో వాడొకడు. అడవిలోంచి బయటికొచ్చి లొంగిపోయి ఏడు నెలలైంది. అలా తిరిగొచ్చినవాళ్ళని ఇంటికి పంపాలా, జైలుకి పంపాలా అని తేల్చే కమిటీ ఒకటుంది. ఆ కమిటీ ముందు వాడు, మా పేటకి బడి లేదు, తుపాకులవాళ్ళు పాక వేసి చదువు చెప్పారు, పదమూడేళ్ళకి నేను అక్షరాలు దిద్దింది అక్కడే, అలా వాళ్ళ వెంట పోయాను అని చెప్పాడు. కమిటీవాళ్ళు కాగితం తీసి చూశారు.

"బడి తొమ్మిది వందల మీటర్లేనంట అన్నా" అంది. "ఆ మాట చదివి వినిపించేసరికి మావాడికి నవ్వొచ్చింది. నవ్వేశాడు. పొగరన్నారు. ఇంత చిన్న విషయంలో అబద్ధమాడినవాడు, మనసు మారిందని చెబితే ఎట్లా నమ్మాలి అన్నారు. వచ్చే బుధవారం మళ్ళీ రమ్మన్నారు. ఆ రోజు తేల్చేస్తారంట."

ఆయన చక్రం వంక చూస్తూ కూర్చున్నాడు.

"ఆ కాగితం రాసినాయనకి రెక్కలుండి ఉంటాయి. ఎగిరొచ్చి కొలిచి ఎగిరిపోయుంటాడు. కనపడితే నాలుగు ఈకలు పీకేదాన్ని, చీపురుకి పనికొచ్చేవి."

తన మాటకి తనే నవ్వింది. గుమ్మడికాయల దొంగ అనకముందే ఆయన చెయ్యి భుజం మీదికి పోయింది. నేనేనమ్మా అనబోయి, పద, ఎండెక్కుతోంది అని లేచాడు.

పేటలోకి వచ్చేసరికి మూడున్నర గంటలు పట్టింది. చక్రం తొమ్మిది కిలోమీటర్ల నాలుగు వందలు చూపించింది. కింద, లోయకి అవతల, బడి గంట కొడుతుంటే స్పష్టంగా వినపడింది. పేటలో పిల్లలు ఆ గంట విని అన్నాలకి ఇళ్ళకి వెళ్ళారు. వాళ్ళకి ఆ గంట ఉపయోగం అదొక్కటే.

చీపుళ్ళక్క ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. గోడ మీద బొగ్గుతో రెండు వరసలు రాసున్నాయి. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆయన గుర్తుపట్టాడు. ఆమెకి చదువు రాదు. కొడుకు ఒకసారి దొంగతనంగా ఇంటికొచ్చి రాశాడట. వాడు చదివి వినిపించాడు, అయినా చదువొచ్చినవాళ్ళెవరైనా వస్తే మళ్ళీ చదివించుకుంటాను అంది. చదవమని అడిగింది.

"మా అమ్మ కట్టిన చీపురు మూడేళ్ళు ఊడదు" అని చదివాడాయన.

"కింద వరస?"

"శత్రువుకి క్షమ లేదు."

"అది వాళ్ళు నేర్పింది" అంది చీపుళ్ళక్క. "పైది వాడు సొంతంగా రాసింది. ఆ రెండిట్లో వాడెవడో నాకు తెలుసు అన్నా. ఆ కమిటీవాళ్ళకి ఎట్లా తెలుస్తుంది?"

గ్లాసులో నీళ్ళు సగమే తాగి లేచాడాయన.

శుక్రవారం రిపోర్టు మేడమ్ చేతిలో పెట్టాడు. ఆమె చదివింది. పాత కాగితం పక్కన పెట్టుకుని చూసింది. సంతకం మీదేనని మొదటిరోజే గుర్తుపట్టాను బాబాయ్ అంది. కోపంగా అనలేదు. అదే ఆయనకి ఇంకా కష్టమనిపించింది.

ఆమె ఒక ఉపాయం చెప్పింది. పదిహేడేళ్ళ కిందట వాగు మీద కాలిబాట ఉండేది, తర్వాత వరదకి కొట్టుకుపోయింది, అందువల్ల దూరం పెరిగింది అని ఒక్క వాక్యం రాస్తే చాలు. అప్పుడు పాత కొలతా తప్పు కాదు, కొత్త కొలతా తప్పు కాదు. బడి మంజూరవుతుంది. ఈ ఏడే గోడలు లేస్తాయి. ఆయన మర్యాదగా రిటైరవుతాడు. "పాము చావాలి, కర్ర విరగకూడదు" అంది మేడమ్. "పదిహేడేళ్ళ కిందటి మాట ఇప్పుడు తవ్వితే ఎవరికి లాభం చెప్పండి? విచారణంటారు. అది తేలేదాకా బడి సంగతీ ఆగిపోతుంది."

ఆమె చెడ్డది కాదు. ఆయన మేలుకోరే చెప్పింది. ఆయనకీ ఆ వాక్యం నచ్చింది. ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే కూర్చుని కాగితం మీద రాసి చూసుకున్నాడు కూడా. చక్కగా ఉంది. రాసినకొద్దీ, అక్కడ నిజంగానే ఒక కాలిబాట ఉండేదేమోననిపించింది.

భార్య వచ్చి భుజం మీదుగా చదివింది. కొండ మీద విన్నదంతా ఆమెకి ముందే చెప్పాడు. బూటు కరిచిన ఆ సాయంత్రం పసుపు రాసింది ఆమే. అప్పుడే అడిగింది, అన్నీ కొలిచావా అని. అన్నీ కొలిచానన్నాడు.

"వాగు మీద దారుండేదంటే, ఆ అబ్బాయి చిన్నప్పుడు ఉన్నట్టేగా?" అంది.

ఆయన కలానికి మూత పెట్టాడు.

"అంటే ఆ అబ్బాయి అబద్ధమాడాడనే అవుతుందిగా. బుధవారం వాళ్ళు ఈ కాగితమే చూస్తారు."

ఆయనకి ఆ సంగతి తట్టకపోలేదు. తట్టినా పక్కకి నెట్టేశాడు. పదిహేడేళ్ళుగా చేస్తున్న పనే అది. భార్య అన్నానికి లేవమంది. ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టి, చింపేశాడు.

బుధవారం కమిటీ కూర్చున్న గది చిన్నది. ఒక ఫ్యాను, పొడుగుపాటి బల్ల, బల్ల వెనక ముగ్గురు. మధ్యలో పెద్దాయన, ఆయనకి ఒక పక్క పోలీసు అధికారి, రెండో పక్క హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైన ఒకావిడ. గోడవార బెంచీ మీద కుర్రాడు, వాడి పక్కన కానిస్టేబులు. చీపుళ్ళక్క తలుపు దగ్గర నిలబడింది. కొలతలాయన లోపలికి రావడం చూసి, మనకోసమే వచ్చాడన్నట్టు కొడుకుకి కళ్ళతో సైగ చేసింది. కొత్త కొలత తెచ్చాడనుకుంది. ఆ చూపు ఆయనకి ముల్లులా గుచ్చుకుంది.

ఆయన కొత్త లెక్క చెప్పాడు. తొమ్మిది కిలోమీటర్ల నాలుగు వందలు. పెద్దాయన పాత కాగితం ఎత్తి చూపించి, మరి ఇది ఎవరు రాశారని అడిగాడు.

"నేనే రాశానండి."

"మధ్యలో దారేమైనా మారిందా?"

"లేదండి. అప్పుడూ అదే దారి. నేను పైకి వెళ్ళలేదు. మ్యాపు మీద దారం లాగి పట్టి కొలిచాను. అబ్బాయి చెప్పింది నిజం."

హెడ్‌మిస్ట్రెస్ రాయడం ఆపి తలెత్తింది. ఎందుకు వెళ్ళలేదని అడిగింది. ఆ ప్రశ్నకి ఆయన దారిపొడవునా జవాబు వెతుక్కుంటూ వచ్చాడు. పని ఒత్తిడి, గడువు తక్కువ, పైవాళ్ళ తొందర. అన్నీ నాలుక చివరే ఉన్నాయి.

"కొత్త బూట్లండి. కాలు కరిచింది."

పోలీసు అధికారి ఫక్కున నవ్వాడు. వెంటనే తగ్గి, కాగితాలు సర్దుకున్నాడు. ఇంకెవరూ నవ్వలేదు. అర్జీలు వచ్చినప్పుడైనా ఎందుకు చెప్పలేదని పెద్దాయన అడిగితే, సిగ్గేసిందండి అన్నాడు. ఆ మాటలన్నీ రాయించి సంతకం తీసుకున్నారు. ఆఫీసుకి కూడా రాస్తామన్నారు. ఆయన తల ఊపాడు.

తర్వాత కుర్రాణ్ణి లేపారు. ఏమైనా చెప్పుకుంటావా అన్నారు. వాడు కమిటీ వైపు తిరగలేదు. కొలతలాయన వైపు తిరిగాడు. ఇరవై మూడేళ్ళుంటాయి. తల్లి ముక్కు, తల్లి గడ్డం.

"పాకలో మొదటిరోజు మా సారు ఏమన్నాడో తెలుసా? ఆఫీసులో కూర్చుని మీకు బడి అక్కర్లేదని రాసినవాడొకడున్నాడు, వాడి పేరు కనుక్కుందాం అన్నాడు. అప్పుడు దొరికుంటే నీ ఇంటికే వచ్చేవాణ్ణి."

కానిస్టేబులు వాడి చెయ్యి పట్టుకున్నాడు. వాడు విదిలించుకోలేదు. "ఇప్పుడు రాను" అని కూర్చున్నాడు. ఎవర్నీ చూడకుండా అన్నాడు: "ఆ కూలీలిద్దరూ మా మీద ఏ కాగితమూ రాయలేదు. వాళ్ళని చంపింది మేమేనన్న కాగితం నేను రాశాను."

ఆ మాట మీద హెడ్‌మిస్ట్రెస్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. కుర్రాడు చెప్పింది నిజమని రాసుకున్నారు. పదిహేను రోజుల్లో ఇంటికి పంపుతామని, వారానికోసారి వచ్చి కనపడాలని చెప్పారు.

బయట మెట్ల మీద చీపుళ్ళక్క కూర్చునుంది. ఆయన్ని చూసి లేవలేదు. ఆయన రెండు మెట్ల కింద నిలబడ్డాడు. ఆరోజు దారిలోనే చెప్పాల్సింది అని మొదలుపెట్టబోయాడు.

"మూడున్నర గంటలు పక్కన నడిచావు" అంది. అన్నా అనలేదు. "నేను నీళ్ళిచ్చాను. గోడ చదివావు."

"ఔను."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననుకున్నాడు. కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పింది. తన కొడుకు బతికున్నాడు కాబట్టి వాడికి ఈ మాట వినపడింది. ఏడుగురిలో ఇద్దరు అడవిలోనే పోయారు. వాళ్ళ అమ్మానాన్నలు తమ పిల్లలు పుట్టుకతోనే చెడ్డవాళ్ళనుకుంటున్నారు, ఊరూ అలాగే అంటోంది. వాళ్ళని ఈ గదికి ఎవరూ పిలవరు.

"నువ్వే పోయి చెప్పాలి. వాళ్ళు కొడితే కొట్టించుకో."

ఆదివారం ఆయన ఒక్కడే కొండెక్కాడు. వస్తుంటే బస్సులో అనుకున్నాడు, పేట ఒక్కటేనా, ఆ కూలీల ఊళ్ళు కూడా ఎక్కడో కనుక్కోవాలని. అది తర్వాత. ముందు ఇది. ఆఫీసు నుంచి సంజాయిషీ కాగితం అప్పటికే ఇంటికొచ్చి ఉంది. మేడమ్ ముఖం చాటేస్తోంది. బడి మంజూరు ఎప్పటికో తెలియదు. కొండ మాత్రం మొన్నటికంటే నిటారుగా అనిపించింది.

పోయిన ఇద్దరిలో ఒకడిది పేట కొసని రెండో ఇల్లని చీపుళ్ళక్క చెప్పింది. తను తోడు రాలేదు. గుమ్మంలో ఒక ముసలామె చేటలో గింజలు ఏరుతోంది. చూపు సరిగా లేదు, గింజని వేలితో తడిమి రాయో కాదో చూసుకుంటోంది. అలికిడికి తలెత్తింది. చేట పక్కన పెట్టి, మంచం మీద బట్టలు తీసి చోటు చేసింది.

"కూర్చో నాయనా. ఎవరి తాలూకు?"

ఆయన మంచం మీద కూర్చోలేదు. గుమ్మం ముందు నేల మీద, ఆమె చేటకి ఇవతల, కింద కూర్చున్నాడు. ముసలామె జవాబు కోసం చెవి ఇటు తిప్పింది.

"అమ్మా" అన్నాడాయన. "మీ అబ్బాయి సంగతి ఒకటి చెప్పాలని వచ్చాను. చెప్పడానికి కాస్త టైము పడుతుంది."